మామ ముఖం పడాల్సిన తెర

మా సడ్డకుడు తిరుపతిలో ఎల్‌ఈడీ గోడ కొన్నాడన్న వార్త చిత్తూరులో నాకు చేరేసరికి నేను పెరుగన్నంలో ఉన్నాను. ఆ ముద్ద ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. సడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. లోకంలో మామూలు శత్రువుల్ని కష్టపడి సంపాదించుకోవాలి. సడ్డకుడు మాత్రం పెండ్లితోపాటు ఉచితంగా వస్తాడు.

నాది చిత్తూరులో టీవీల దుకాణం. అమ్ముతాను, బాగుచేస్తాను, కొనే ఉద్దేశం లేనివాళ్లకు నిలబెట్టి క్రికెట్ చూపిస్తాను. పెండ్లిళ్లకు తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరుతో బొమ్మ వేసే పని కూడా ఉండేది. ఆ గుడ్డ మీద బొమ్మ కనబడాలంటే మండపంలో లైట్లు ఆర్పాలి. ఆర్పితే వంటవాళ్లు తిడతారు. వేస్తే పెండ్లికూతురు మాయమవుతుంది. పెండ్లికూతురికీ వంటవాళ్లకూ మధ్య నలిగి నా వ్యాపారం సగం చిక్కిపోయింది.

వాడి గోడంత తెరకు ఆ బాధ లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టినా సూర్యుడే కళ్లు చికిలించుకుంటాడు. దాన్ని మొదటిసారి తిరుచానూరు రోడ్డులో వెలిగించిన రోజు చంద్రగిరి దాకా కోళ్లు నిద్రపోలేదని, పాకాలలో ఒక గూడ్సు బండి పచ్చలైటు పడిందనుకుని కదిలిందని విన్నాను. విన్నానంటే, నేను చెబుతుండగా నేనే విన్నాను.

గోడ కొన్నాడు, కొననీ. నా బాధ గోడ కాదు, నెయ్యి.

మా మామది కార్వేటినగరం. బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. రాజావారి కోట శిథిలాలు వీధి చివరే ఉండటం వల్ల ఆ ఇంట్లో మర్యాదలు ఇంకా రాజ్యం పోనట్టే నడుస్తాయి. బంతిలో మొదటి ఆకు పెద్దల్లుడిది. అంటే నాది. పప్పు మొదట నాకు, పొరియలు మొదట నాకు, నెయ్యి మొదట నాకు. నా ఆకులో ధారగా పడిన నెయ్యి చిన్నల్లుడి ఆకు దగ్గరికి వచ్చేసరికి చుక్కలుగా మారేది. ఆ చుక్కల చప్పుడు నాకు నాదస్వరంలా వినపడేది.

గోడ వచ్చిన తరువాతి ఆదివారం మా అత్త నేతి గిన్నెతో నా ఆకు మీదికి వంగింది. మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందర చిన్నల్లుడికి పొయ్యి. రాత్రంతా పనిలో ఉండి వొచ్చినాడు. తెర అంత ఎత్తుండాదంట, మన కోట గోడ మాదిరి."

"నేను గూడా దుకాణం తెరిసే వొచ్చినా మామా," అన్నాను.

"నువ్వు యాడికి పోతావు అల్లుడా, ఈడనే ఉంటావు గదా," అన్నాడు మామ.

ఆ వాక్యాన్ని ప్రేమగానే అన్నాడు. అదే నన్ను చంపింది.

అంతలో మామ ఒక్కగానొక్క కొడుక్కి పెండ్లి కుదిరింది. ఆడపెండ్లివాళ్లది తిరుపతి. రిసెప్షను అక్కడే ఒక పెద్ద మండపంలో. తెర విషయం వచ్చింది. చిన్నల్లుడిది ఉండనే ఉంది కదా అని అందరూ తలలూపుతుంటే నేను లేచి, "పెద్దల్లుడుండంగా వేరే వాళ్ల తెర ఎందుకు? నేనే గోడ కడతా," అనేశాను. అన్నాక కూర్చున్నాను. కూర్చున్నాక భయం వేసింది. వేదిక పక్కన ఎవరి తెర నిలబడుతుందో, ఇక మీదట మొదటి ఆకు వాళ్లదే. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అరిటాకులకు కూడా తెలుసు.

ఎల్‌ఈడీ గోడ కొనే స్తోమత నాకు లేదు. కానీ మద్రాసులో ఒక నగల దుకాణం మూతబడి, గోడలకు బిగించిన తొమ్మిది టీవీ తెరలు తీసేస్తున్నారని తెలిసింది. అంచులు పలచని రకం. పక్కపక్కన పేరిస్తే ఒకే తెరలా కనిపించేవి. దగ్గరికొచ్చి చూస్తే నల్లగీతలుంటాయి, నిజమే. మావైపు పెండ్లిళ్లలో తెర దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరు? అందరి దారీ భోజనాల వైపే.

వాటి కిటుకు చిన్నది. ఒక్కొక్క తెర వెనక బొమ్మ లోపలికి వచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి ఒకటి ఉంటాయి. కెమెరా నుంచి తీగ మొదటి తెరకు, మొదటిదాన్నుంచి రెండోదానికి, రెండోదాన్నుంచి మూడోదానికి. మిద్దె వేసేటప్పుడు కాంక్రీటు చట్టి కింది నుంచి పైదాకా చేతులు మారినట్టు బొమ్మ మొత్తం తెర తెరకూ చేతులు మారుతూ పోతుంది. అయితే ప్రతి తెరకూ దాని అంకె చెప్పాలి. ఒకటో అంకె తెర బొమ్మలో పై ఎడమ ముక్కను మాత్రం వడ్డించుకుంటుంది, తొమ్మిదోది కింది కుడి ముక్కను. ఎవరి ఆకులోది వాళ్లు తింటే బంతి చక్కగా సాగుతుంది. ఈ కిటుకు నేర్చుకోవడానికి నేను పడ్డ తపస్సుకు పూర్వకాలంలో అయితే ఎవరో ఒక దేవుడు దిగి వచ్చి ఏం కావాలని అడిగేవాడు. సడ్డకుడి గోడ ఆరిపోవాలని అడిగేవాణ్ణి.

తొమ్మిది తెరల్నీ పాత దుప్పట్లలో చుట్టి చిన్న లారీలో ఎక్కించి, వాటి మధ్యలో బాలింతరాలిలా నేను కూర్చుని బయలుదేరాను. పూతలపట్టు కూడలిలో టీకి ఆగితే కొట్టువాడు దుప్పట్లు చూసి, "పరుపుల యాపారమా అన్నా?" అన్నాడు. "తిరుపతిలో ఒకాయప్పకు నిద్ర లేకుండా చేసే పరుపులప్పా," అన్నాను.

మండపానికి చేరేసరికి సడ్డకుడు గేటు దగ్గర తన గోడ బిగిస్తున్నాడు. బిగిస్తూనే నన్ను చూసి పరుగున వచ్చి తెరలు దించడానికి చెయ్యి వేశాడు. వాడిలో నాకు నచ్చని గుణం ఇదే. ద్వేషించడానికి కాస్త వెసులుబాటు కూడా ఇవ్వడు.

మామ తీర్పు చెప్పాడు. "వేదిక పక్కన పెద్దల్లుడిది. గేటుకాడ చిన్నల్లుడిది. లోపల సోటు దొరకనోళ్లు బయట సూస్తారు."

నేను గాలిలో ఒక జానెడు లేచాను. అక్కడితో ఆగలేదు. కెమెరా ఒక్కటే కాబట్టి బొమ్మ ముందు నా తొమ్మిది తెరల గుండా నడిచి, నా తొమ్మిదో తెర వెనక నుంచి పొడుగాటి తీగలో బయలుదేరి, గేటు దగ్గర వాడి గోడకు చేరాలి. అంటే నేను తిన్నాక మిగిలిందే వాడికి. నేతి ధార మళ్లీ సరైన దిక్కుకు తిరిగింది. ఆ తీగను నేనే స్వయంగా, పూర్ణకుంభం మోసుకెళ్లినంత శ్రద్ధగా గేటు దాకా తీసుకెళ్లి వాడి చేతికిచ్చాను.

"నా తొమ్మిదోది దాటుకోనే నీకొస్తాది," అన్నాను.

"యాడనుంచి వొస్తే ఏమన్నా, వొస్తే సాలు," అన్నాడు వాడు. అసూయ అర్థం కాని మనిషితో పోటీ పడటమంటే గోడతో కబడ్డీ ఆడటమే అనుకున్నాను.

ఇక అంకెలు వెయ్యాలి. రిమోటు పట్టుకుని నేను, నిమ్మకాయ, కర్పూరంతో మామ, చేతులు కట్టుకుని సడ్డకుడు. ఇక్కడ మా మామ గురించి ఒక మాట చెప్పాలి. ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనకుండా లాభం అన్నట్టు, మా మామ ఎనిమిది అనడు. అది శని అంకె అని ఆయనకు పగ. ఏడు, ఆపైది, తొమ్మిది అని లెక్కపెడతాడు. ఎక్కాలు కూడా అట్లాగే చెప్పాడట. ఆయన దగ్గర చదువుకున్న కార్వేటినగరం పిల్లకాయలకు నాలుగు రెళ్లు ఆపైది.

ఒకటి నుంచి ఏడు దాకా వేశాను. ఎనిమిది మీదికి బొటనవేలు పోయింది. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ అంకె నా కొడుకు పెండ్లిలో ఎయ్యొద్దు."

"మామా, అది మిషనుకు సెప్పే గుర్తు. జాతకం కాదు," అన్నాడు సడ్డకుడు.

వాడు నోరు మూసుకుని ఉంటే నేనే ఆ మాట అనేవాణ్ణి. వాడు అనేశాడు కాబట్టి నాకు ఒకే దారి మిగిలింది. "పెద్దాయన వొద్దన్నాక మిషనేంది, గుర్తేంది," అని ఎనిమిదో తెరకు పది వేశాను. తొమ్మిదోదానికి తొమ్మిది. మామ నా భుజం తట్టాడు. ఆ తట్టు ఎంత బరువుగా పడిందంటే ఆ భుజం ఇప్పటికీ రెండోదానికంటే కాస్త కిందికే ఉంటుంది.

"ఒక ఫోటో ఏసి సూడన్నా," అన్నాడు సడ్డకుడు.

"నాకు తెలుసులే అప్పా," అని నీలం రంగు వేశాను. తొమ్మిది తెరలూ నీలంగా వెలిగాయి. ఆకాశాన్ని కోసి తెచ్చి నిలబెట్టినట్టుంది. అందులో ఎనిమిది తెరలు నేను పంపిన నీలాన్ని చూపిస్తున్నాయని, ఒక తెర మాత్రం తొమ్మిది ముక్కల బొమ్మలో పదో ముక్క ఎక్కడుందో తెలియక, ఏమీ అందడం లేదని చెప్పడానికి నీలంగా ఉందని ఎవరికి తెలుస్తుంది? నీలం నీలమే కదా.

సాయంత్రం జనం వచ్చారు. పెండ్లికొడుకు, పెండ్లికూతురు వేదిక ఎక్కారు. మోకాళ్ల నొప్పివల్ల మామ వాళ్ల ముందు కుర్చీ వేయించుకుని నిండుగా కూర్చున్నాడు. కెమెరా మొదలైంది. నా గోడ మీద బొమ్మ పడింది. పై వరుసలో పూలతోరణం, నడి వరుసలో జంట ముఖాలు, కింది వరుసలో అటూ ఇటూ పట్టుచీరల అంచులు. కింది వరుస నడుమ, సరిగ్గా మామ ముఖం పడాల్సిన చోట, నీలం.

కాసేపు ఎదురుచూసి ఆ తెర విసిగిపోయింది. తిండి పెట్టని ఇంట్లో ఎంతకాలమని కూర్చుంటుంది? పాత యజమాని తన కడుపులో దాచి వెళ్లిన బొమ్మను బయటికి తీసింది. ఒక ఒడ్డాణం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. దాని కింద అరవంలో పెద్ద అక్షరాలు. దుకాణం మూసేస్తున్నాం, ఉన్నదంతా అమ్మేస్తున్నాం.

మామ భుజాలు నా గోడలో లేవు, తల లేదు. పక్క తెరల్లో చెరో మోచెయ్యి ఉంది. రెండు మోచేతుల నడుమ ఒడ్డాణం తిరుగుతోంది.

మావైపు వాళ్లకు అరవం చదవడం వచ్చు. ఆ విద్య అంతవరకు ఎవరికీ హాని చేయలేదు. ఆడపెండ్లివాళ్ల మేనమామ ఒకాయన గట్టిగా చదివి, మా అత్త వైపు వంగాడు.

"ఏంది వొదినా, మగపెండ్లివాళ్లు యాపారం మూసేస్తా ఉండారా? పిల్లనిచ్చే ముందర సెప్పాల్సింది గదా."

నేను తెర వెనక్కి వెళ్లి తీగలన్నీ నొక్కాను. వదులైనవి బిగించాను. బిగిసినవి వదులు చేసి మళ్లీ బిగించాను. ఒడ్డాణం ఇంకా ధీమాగా తిరిగింది. మామ కుర్చీలోంచే మెడ తిప్పి నా గోడ చూశాడు. తన కోసం వెతుక్కున్నాడు. మోచేతుల్ని గుర్తుపట్టాడు. ఎవరో చెవిలో ఏదో చెప్పారు. మెల్లగా లేచాడు, కర్ర పట్టుకున్నాడు, నడుస్తూ వెళ్లి గేటు దగ్గర కుర్చీ వేయించుకుని సడ్డకుడి గోడ ముందు కూర్చున్నాడు.

వాడిది వేరే లెక్క. వాడి గోడ ఎంత పెద్దదైనా నా తీగకు అది ఒకే తెర. ముక్కలు పంచుకునే పని దాని లోపల అది చూసుకుంటుంది. కాబట్టి అక్కడ బొమ్మ మొత్తం ఉంది. అప్పటికే తీసిన దాన్ని కెమెరా అబ్బాయి మళ్లీ వేస్తే మామ తన ముఖాన్ని తాను చూసుకున్నాడు. బండి చక్రమంత ముఖం. మీసంలో ఒక్కొక్క వెంట్రుకా చెరకుగడంత ఉంది. అది చూసి మా అత్త వెళ్లింది. అత్త వెళ్లిందని చుట్టాలు వెళ్లారు. తన కొడుకు రిసెప్షనును వీధిలో కూర్చుని చూసిన తండ్రి జిల్లాలో మా మామ ఒక్కడే అయివుంటాడు. లోపల నేను, కొత్తజంట, మేలుకోవడం ఇష్టంలేని ఒక ముసలమ్మ మిగిలాం.

ఇంతకీ గేటు దగ్గర వెలుగుతున్న ఆ బొమ్మ నా తొమ్మిదో తెర వెనక నుంచే పోతోంది. నా అన్నం తిని వాడు బలుస్తున్నాడు. తెర వెనక కూర్చుని ఆ తీగను పట్టుకున్నాను. ఒక్క లాగు లాగితే చాలు. అంత పెద్ద గోడా బొగ్గవుతుంది. మీసం, చక్రం, చెరకుగడలు అన్నీ పోతాయి. జనమంతా లోపలికి వస్తారు. ఇంకా లాగలేదు. కానీ ఆ తీగ నా చేతిలో పాలిచ్చే ఆవు పొదుగులా వెచ్చగా ఉంది.

మా ఆవిడ వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా, ఆ వయరు పట్టుకోని ఏం జేస్తా ఉండావు?"

"కాలిందేమో అని సూస్తా ఉండా."

"కాలింది నువ్వు. వయరు సల్లగా ఉండాది. ఇడిసిపెట్టు."

విడిచిపెట్టాను. ఆమె వెళ్లేదాకా. మళ్లీ పట్టుకుంటుండగా సడ్డకుడు వచ్చాడు. చేతిలో రెండు గ్లాసుల మజ్జిగ. ఒకటి నాకిచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

"అన్నా, ఆ పది తీసేసి ఎనిమిది ఎయ్యి. మామ బయట ఉండాడు, సూడడు. నేను సెప్పను."

ప్రపంచంలో విషం ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చో అందులో మజ్జిగ గ్లాసులో దయ కలిపి ఇవ్వడం పరమఘోరం. తాగాను. దాహంగా ఉంది. తరువాత రిమోటును పంచె మడతలో దాచి, మామ కార్వేటినగరంలో ఉన్నా వినపడుతుందేమో అన్నంత భయంగా, ఎనిమిది నొక్కాను.

ఒడ్డాణం ఆగింది. తెర ఒక్క క్షణం నల్లబడి, తన ముక్కను తాను పట్టుకుంది. గోడ మొత్తం అతికింది. తోరణం తోరణానికి, ముఖం ముఖానికి, అంచు అంచుకు సరిగ్గా కలిశాయి. వేదిక మీద ఖాళీగా ఉన్న మామ కుర్చీ అంత అందంగా చరిత్రలో ఏ కుర్చీ కనిపించి ఉండదు. చూసేవాళ్లే లేరు. ముసలమ్మను లేపి చూపించాను. "అన్నం పెడతా ఉండారా?" అని అడిగి మళ్లీ పడుకుంది.

మామను పిలుచుకు రావడానికి గేటుకు వెళ్లాను.

"మామా, లోపల సరిపొయ్యింది. రాండి."

"గమ్మున కూర్సో అల్లుడా. ఈడ గాలి బాగుండాది," అని పక్క కుర్చీ చూపించాడు.

సడ్డకుడి గోడ ముందు, సడ్డకుడు వేయించిన కుర్చీలో కూర్చున్నాను. ఆ వెలుగులో నా ముఖం ఏ రంగుకు మారిందో చూసినవాళ్లు చెప్పాలి. వేదిక మీద చుట్టాలెవరూ లేకపోవడంతో లోపల కెమెరా అబ్బాయికి తియ్యడానికి ఏమీ దొరకలేదు. ఊరికే కెమెరాను ఆ పక్కకు తిప్పాడు. నా గోడ వైపు.

గేటు దగ్గర వాడి గోడ మీద నా గోడ పడింది. నా గోడ తాను చూపిస్తున్నది తననే కాబట్టి అందులో మళ్లీ నా గోడ, ఆ గోడలో ఇంకొక గోడ, దాంట్లో మరొకటి. లోపలికి లోపలికి, చిన్నగా చిన్నగా, చివర కనబడకుండా పోతున్నాయి. గోడకు తొమ్మిది చొప్పున తెరలు పాతాళం దాకా దిగిపోయాయి. ఒకాయన చేతిలో బూందీ అట్లాగే ఉండిపోయింది.

మామ కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "అదేందప్పా, లోపల అన్ని తెరలుండాయా? ఎవురు పెట్టినారు?"

నేను గొంతు సవరించుకునేలోగా సడ్డకుడు అన్నాడు. "మా అన్నే పెట్టినాడు మామా. ఒగటే గోడ."

"ఒగటా? నూరుంటాయే," అన్నాడు మామ. నేను సరిదిద్దలేదు. నూరు తక్కువేననిపించింది.

భోజనాల బంతి వేశారు. ఏడో ఆకు తరువాత మామూలుగానే ఒక ఆకు ఖాళీగా వదిలారు. మొదటి ఆకు దగ్గర నేను నిలబడ్డాను, సడ్డకుడూ నిలబడ్డాడు. వాడు నన్ను కూర్చోమన్నాడు, నేను వాడిని కూర్చోమన్నాను. ఇద్దరి నోళ్లూ అబద్ధమాడుతుంటే మామ బంతి నడుమ కూర్చుని చుట్టాలతో గట్టిగా చెబుతున్నాడు.

"పెద్దల్లుడి తెరకు అంతే లేదప్పా. ఎంత దూరం సూసినా అయిపోలేదు." ఒక గుటక నీళ్లు తాగాడు. "నేను సూసింది మాత్రం చిన్నల్లుడి తెరలో."

ఆ తరువాత చెయ్యెత్తి వడ్డన మొదలుపెట్టించాడు. "ఆ కొస పెద్దల్లుడు కూర్సోనీ, ఈ కొస చిన్నల్లుడు. రెండు గిన్నెలు తెప్పియ్యండి. రెండు తట్ల నుంచి ఒకే సారి పొయ్యండి."

బంతికి ఆ చివర నేను, ఈ చివర వాడు. రెండు గిన్నెలు బయలుదేరాయి. నా ఆకులో నెయ్యి ధారగానే పడింది. అన్యాయం చెప్పకూడదు. అయినా అటు చివర ధార ఎంత లావుగా పడుతోందో చూద్దామని, నలభై ఆకుల మీదుగా మెడ సాచాను.

అక్కడ మా సడ్డకుడు, తన ఆకు వదిలేసి, మెడ సాచి నా ఆకు వైపే చూస్తున్నాడు.